కొండ మీద రాసిన చీటీ

1947 నవంబరు 3న కాశ్మీర్‌లోని బడ్గాంలో శత్రువు 50 గజాల దూరంలోకి వచ్చేశాక, ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గనని మేజర్ సోమనాథ్ శర్మ పంపిన సందేశం వింటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. రిపబ్లిక్ డే వేదికల మీద మన పిల్లల చేత అలాంటి మాటలు చెప్పించాల్సిందే. వాటితో పాటు, పెన్సిలుతో గబగబా గీకిన ఓ చీటీని కూడా వాళ్లకు చూపించాలని నా వాదన. అది ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

1854 అక్టోబరు 25, క్రిమియాలోని బాలక్లావా. బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లన్ దాదాపు 600 అడుగుల ఎత్తున ఉన్న సపూన్ కొండ అంచున ఉన్నాడు. కింద రెండు లోయలు, మధ్యలో ఓ మిట్ట. ఆ మిట్ట మీది బురుజులను పొద్దున్నే రష్యన్లు పట్టుకున్నారు. అక్కడున్న బ్రిటిష్ ఫిరంగులను లాక్కుపోబోతున్నారని పైనుంచి చూసేవారికి అనిపించింది. రాగ్లన్ చెబుతుంటే జనరల్ ఎయిరీ రాశాడు: అశ్వికదళం వేగంగా ముందుకు కదలాలి, శత్రువును వెంబడించి ఫిరంగులు తీసుకుపోకుండా ఆపే ప్రయత్నం చేయాలి, గుర్రపు ఫిరంగి దళం తోడు వెళ్లవచ్చు, ఫ్రెంచి అశ్వికదళం మీ ఎడమ పక్కన ఉంది, తక్షణం.

ఈ చీటీని లోయలో గుర్రం మీదున్న అశ్వికదళ అధిపతి లార్డ్ లూకన్ కళ్లతో చదవండి. మిట్ట అవతలి వైపు ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. "ముందుకు" అంటే ఎటు? "ఫిరంగులు" అంటే ఏవి? అతని కంటికి ఆనేవి లోయ చివర, మైలు పైచిలుకు దూరంలో ఉన్న రష్యన్ ఫిరంగులు మాత్రమే. అంతకుముందు వచ్చిన ఆజ్ఞలో "మిట్టలు" అన్న మాట ఉంది. రాగ్లన్ మనసులో ఇది దానికి కొనసాగింపు, కాబట్టి ఆ మాట మళ్లీ రాయలేదు. చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ను ఏ ఫిరంగులని అడిగితే, అతను లోయ వైపు చెయ్యి విసిరి, అదిగో మీ శత్రువు, అవిగో మీ ఫిరంగులు అన్నాడట. లూకన్‌కూ, అతని కింద లైట్ బ్రిగేడ్ అనే తేలికపాటి అశ్వికదళాన్ని నడిపిన కార్డిగన్‌కూ బావాబావమరుదుల వరస, అయినా ఒకరంటే ఒకరికి పడదు. ఇద్దరూ కూర్చుని తేల్చుకునే మాటే లేదు. దాదాపు 670 మంది మూడు వైపుల నుంచి గుండ్లు కురుస్తున్న లోయలోకి దూకారు. 100 మందికి పైగా చనిపోయారు. మొదట పడిపోయినవాళ్లలో నోలన్ ఒకడు కాబట్టి, ఆ చెయ్యి ఎటు చూపిందో అడగడానికి మనిషే మిగల్లేదు.

అందరూ ఆ రౌతుల ధైర్యాన్ని పొగుడుతారు, పొగడాలి కూడా. కానీ తప్పు నోలన్ కోపంలోనో లూకన్ బుద్ధిలోనో వెతికే ముందు రాసినవాడి దగ్గర వెతకాలని నేను గట్టిగా నమ్ముతాను. తనకు కనిపించేది కిందివాడికి కనిపిస్తోందా అని రాగ్లన్ ఒక్కసారి ఆలోచించి ఉంటే "మిట్ట మీది" అన్న రెండు మాటలు పడేవి.

ఈనాటి సైనిక ఆజ్ఞల పద్ధతి అచ్చంగా ఈ గండ్లు పూడ్చేలా ఉంటుంది. అమెరికన్ సైన్యంలో ఆర్డరుకు అయిదు పేరాలు: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, కమాండ్-సిగ్నల్ (ఎవరి ఆధ్వర్యం, ఎలా సంప్రదించుకోవాలి). లక్ష్యం ఒకే వాక్యంలో ఉండాలి. ఎవరు, ఏం, ఎప్పుడు, ఎక్కడ అన్నవే కాక ఎందుకో కూడా అందులోనే చెప్పాలి. ఆ "ఎందుకు" తెలిస్తే పరిస్థితి తారుమారైనా కిందివాడు దారి వెతుక్కోగలడు. కుడి, ఎడమ అన్నవి నిలబడ్డ దిక్కును బట్టి మారిపోతాయి, అందుకే ఉత్తరం, తూర్పు అంటారు. చోటుకు మ్యాప్ గ్రిడ్ అంకెలు ఇస్తారు: ఆరంకెలైతే 100 మీటర్ల గడి, ఎనిమిదైతే 10 మీటర్ల గడి. పై అధికారి తన చేతిలో ఉన్న సమయంలో మూడో వంతే వాడుకుని మిగతాది కిందివారికి వదలాలి. ఇది చాలాసార్లు తప్పుతుంది, పైవాళ్లు ప్లానుకు మెరుగులు దిద్దుతూ కూర్చుంటారు, అట్టడుగున ఉండే చిన్న దళం సెక్షన్‌కు తెల్లారేదాకా ఏమీ తెలియదు. చివరగా, విన్నవాడు తనకు అర్థమైంది తన మాటల్లో తిరిగి చెప్పాలి. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా "అర్థమైంది సార్" అనే అంటారు.

మేరీలాండ్, వర్జీనియాల్లో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకుని గెటిస్‌బర్గ్ వెళితే సెమెటరీ హిల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1 సాయంత్రం, వీలనిపిస్తే ఆ కొండ పట్టుకో, పెద్ద పోరులోకి మాత్రం దిగొద్దు అని దక్షిణ రాష్ట్రాల సేనాని జనరల్ లీ తన కింది జనరల్ ఇవెల్‌కు చెప్పాడు. అలాంటి వదులు ఆజ్ఞతో లీ కిందే పనిచేసిన జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ చెలరేగిపోయేవాడేమో, కానీ అతను మే నెలలోనే చనిపోయాడు. అతని కింద ఖచ్చితమైన ఆజ్ఞలకు అలవాటుపడ్డ ఇవెల్, వీలు కాదనుకుని ఆగిపోయాడు. ఆజ్ఞ అందుకునే మనిషి మారితే మాట కూడా మారాలి.

1962 చైనా యుద్ధంలో సేలా, బొమ్డిలాల నుంచి చెల్లాచెదురై వచ్చిన మన సైన్యపు 4వ కోర్‌ను తేజ్‌పూర్‌లో చేపట్టిన మానెక్‌షా, రాతపూర్వక ఉత్తర్వు లేనిదే వెనక్కి తగ్గేది లేదని, ఆ ఉత్తర్వు ఎప్పటికీ రాదని అన్నారని చెబుతారు. గర్జనలా వినిపించే ఈ మాటలో అసలు పని చేసేది "రాతపూర్వక" అన్నదే. ఎవరో అన్నారట అని కదలడం ఇక కుదరదు. కాగితం మీద ఒకరి సంతకం ఉండాలి.

సంతకం అంటే ఏమిటో రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనల సర్వసేనాని ఐసెన్‌హోవర్ రాసిన ఇంకో చీటీలో కనిపిస్తుంది. నార్మండీ దిగుడు విఫలమైతే ప్రకటించడానికని 1944 జూన్ 5న రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆందోళనలో తేదీ జూలై 5 అని పడింది. మొదట మన ప్రభుత్వ ఉత్తర్వుల ధోరణిలోనే, దళాలను ఉపసంహరించడమైనది అన్నట్టు రాశాడు. ఆ మాట కొట్టేసి, "దళాలను నేను వెనక్కి తీసుకున్నాను" అని దిద్దాడు.