రోడ్డెక్కిన వడ్లకు దారివ్వండి

మా ఊరి రోడ్డు మీద బండి నడిపేవాళ్ళ భద్రత గురించి ఏళ్ళ తరబడి తప్పుడు ఆలోచన సాగుతోంది. రోడ్డు బండ్ల కోసం వేశారనీ, దాని మీద రైతులు వడ్లు పోస్తున్నారనీ అందరి నమ్మకం. అసలు సంగతి వేరు. అది వడ్ల కోసం వేసిన కల్లం. వడ్లు లేని నెలల్లో, పాపం పోనీలే అని, దాని మీద బండ్లను తిరగనిస్తున్నారు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా గొడవలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

రుజువు కావాలంటే టేపు పట్టి కొలవండి. గ్రామ సడక్ యోజన కింద వేసే ఊరి రోడ్డుకు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. ఆర్టీసీ బస్సు వెడల్పు రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. బస్సుకు ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరు మట్టిలోకి దిగాలో ఇంజనీర్లు రాయలేదు. ఎందుకు రాస్తారు? వాళ్ళు ఆలోచించింది వడ్ల గురించి. నల్ల తారు పొద్దున పదికల్లా పెనంలా కాలుతుంది. మట్టి అంటదు, గడ్డి కలవదు, కాళ్ళతో తిప్పుకుంటూ పోతే రెండెండలకు గింజ గలగలమంటుంది. ఇంత మంచి కల్లం మా తాతల కాలంలో ఎవరికుంది?

తాతల కాలంలో అవసరమూ లేదనుకోండి. వరి కోశాక పనలు పొలంలోనే ఆరేవి, నూర్పిడి నింపాదిగా జరిగేది. ఇప్పుడు హార్వెస్టర్ దిగితే గంటలో ఎకరం ఖాళీ. పచ్చి వడ్లు నేరుగా ట్రాలీలో పడతాయి. కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే అక్కడ చేతిలో పట్టేంత మిషన్ ఒకటి ఉంటుంది. పిడికెడు గింజలు పోసి మీట నొక్కితే తేమ ఎంతో చెప్తుంది. 17 శాతం దాటకూడదు. దాటితే కాంటా పడదు, లేదంటే తరుగు తీస్తారు. ఊరందరి పంటా ఒకే వారంలో కోతకొస్తుంది. ఇన్ని వందల క్వింటాళ్ళు ఎక్కడ ఆరబెట్టాలో మాత్రం ఆ మిషన్ చెప్పదు. అది దాని పని కాదు.

అలాగని ప్రభుత్వాలు చేతులు కట్టుకు కూర్చోలేదు. తెలంగాణలో ఉపాధి హామీ డబ్బుతో రైతులకు సిమెంటు కల్లాలు కట్టించారు. ఆ పథకంలో కల్లాలకు చోటు లేదు, సుమారు 151 కోట్లు వెనక్కి కట్టండని 2022లో కేంద్రం అంది. చేపలు ఆరబెట్టుకోడానికి ఇస్తారు, వడ్లకు ఇవ్వరా అని రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ ధర్నాకు దిగింది. తమ కోసం ఢిల్లీ, హైదరాబాద్ ఇలా కొట్టుకోవడం చూసి వడ్లకు కడుపు నిండిపోయింది. అవి మాత్రం ఎప్పట్లాగే రోడ్డు మీదే ఆరాయి.

మా మండలంలో ఏటా కోతలకు ముందు ఒక ఫ్లెక్సీ వెలుస్తుంది: 'రోడ్లపై ధాన్యం ఆరబోయరాదు, అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును.' మంచి మందపాటి ఫ్లెక్సీ. పోయిన నవంబర్లో దాన్ని మా పక్కూరి వడ్ల కుప్ప మీద కప్పి ఉండగా నేను కళ్ళారా చూశాను. మంచుకు బాగా ఆగుతుందట. అధికారుల హెచ్చరిక ఒకటి రైతుకు ఇంత అక్కరకు రావడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ మంచు సంగతే నాకు ప్రాణం మీదికి తెచ్చింది. పగలంతా ఆరిన గింజ రాత్రి మంచుకు మళ్ళీ తేమ పట్టేస్తుంది. కాబట్టి చీకటి పడేలోపు కుప్పచేసి పట్టా కప్పుతారు. పట్టా నలుపు. రోడ్డు నలుపు. నవంబరు రాత్రీ నలుపే. పట్టా గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెడతారు, వాటికి మాత్రం రంగు ఎందుకు? ఒక రాత్రి నేను బండి మీద వస్తుంటే ఎదురుగా లారీ వచ్చింది. డ్రైవరుకు డిప్పర్ కొట్టే అలవాటు లేదు. రెండు క్షణాలు నాకు ప్రపంచమంతా తెల్లగా అయింది, ఆ తర్వాత ముందు చక్రం దేన్నో ఎక్కింది, ఆ తర్వాత నేను వడ్లలో ఉన్నాను.

వడ్లలో పడటం మెత్తగా ఉంటుందని అనుకునేవాళ్ళకు ఒక మాట. ఉండదు. మోచేతిలో దిగిన నూగు వారం దాకా దురద పెట్టింది.

కుప్ప అవతల మంచంలోంచి దుప్పటి కదిలింది. ముసలాయన టార్చి వేసి ముందు పట్టా చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏం సారూ, దెబ్బ తాకిందా?"

"లేదు పెద్దాయనా, బానే ఉన్న."

"అయితే మెల్లగ లే సారూ. వడ్లు చెదురుతున్నయ్."

లేచాను. సీసాలో నీళ్ళిచ్చాడు. నా బండి హ్యాండిల్ వంకర పోతే ముందు చక్రం రెండు కాళ్ళ మధ్య పట్టుకుని ఒక్క గుంజు గుంజి సరిచేశాడు. నాలుగు రాత్రులుగా అక్కడే పడుకుంటున్నాడట. పొద్దున కేంద్రంలో చూపిస్తే పంతొమ్మిది వచ్చిందట. "రేపింత ఎండ కొడితే పదిహేడుకొస్తది" అన్నాడు, జ్వరం తగ్గుతున్న మనవడి గురించి చెప్పినట్టు. ఇలా రోడ్డు మీద పడుకుంటే భయం లేదా అంటే టార్చి పైకెత్తాడు. మంచం కోడుకు కట్టిన కర్రకు ఒక పాత సినిమా సీడీ దారంతో వేలాడుతోంది. వెలుతురు పడగానే తళుక్కుమంది. మా ఊరి నుంచి మండలం దాకా ఉన్న ఏడు కిలోమీటర్లలో నాకు కనబడిన రిఫ్లెక్టర్ అదొక్కటే. అది కూడా ఆయన మంచానికి ఉంది, రాళ్ళకు లేదు.

ఆ రాత్రి నేను పోయి ఉంటే ఏ ఖాతాలో చేరేవాణ్ణో అని తర్వాత ఆలోచించాను. 2022లో దేశంలో 4.61 లక్షల రోడ్డు ప్రమాదాలు జరిగి 1.68 లక్షల మంది చనిపోయారని కేంద్రం లెక్క చెప్పింది. పది చావుల్లో ఏడింటికి కారణం అతివేగమట. ఆ పట్టికలో వడ్లకు గడి లేదు, రాళ్ళకు లేదు, తేమ మిషనుకు అసలే లేదు. కాబట్టి నలభైలో వెళ్తున్న నేనూ అతివేగంలోకే పోయేవాణ్ణి. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో 198ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. కానీ మా రోడ్డును రోడ్డు అనుకుంటే కదా ఆ సెక్షన్. కల్లంలోకి బండి తోలుకొచ్చినవాడికి జరిమానా ఎంతో చట్టం చెప్పనే లేదు, అదొక లోపం.

అందుకే మార్పు మొదలు కావలసింది డ్రైవర్ల దగ్గర. లైసెన్సు పరీక్షలో 'ఎనిమిది' కొట్టించి ఏం లాభం? మా వైపు రోడ్డు ఎప్పుడైనా ఎనిమిదిలా ఉందా? వంద మీటర్లు వడ్లు పోసి, కుప్ప మీద నల్లపట్టా కప్పి, లైట్లు ఆర్పి, ఎదురుగా లారీ పంపి, అప్పుడు తోలమనాలి. ఒక్క గింజ చెదరకుండా దాటితే లైసెన్సు. గింజ చెదిరితే తరుగు. హెల్మెట్‌తో పాటు తేమ మిషన్ కూడా తప్పనిసరి చేస్తే దారిలో ఏ కుప్ప పదిహేడుకు వచ్చిందో, ఏది రేపటికి లేస్తుందో తెలిసి, దాన్నిబట్టి ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు.

మార్కెట్ యార్డులు పెంచాలి, ఊరికొక సర్కారీ కల్లం కట్టాలి, ఆరబెట్టే యంత్రాలు పెట్టాలి అని కొందరు అంటుంటారు. వీళ్ళకు ఖర్చు తెలియదు. రోడ్డయితే వేసే ఉంది కదా.

మూడో రోజు సాయంత్రం అటే వెళ్ళాను. ముసలాయన వడ్లు కాంటా అయినట్టున్నాయి. కుప్ప లేదు, పట్టా లేదు, మంచమూ లేదు, సీడీ కూడా విప్పుకెళ్ళాడు. రాళ్ళు మాత్రం రోడ్డు సగానికి ఒకే వరసలో, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బండి ఆపి ఒకదాన్ని పక్కకు దొర్లించబోయాను. వెనక ట్రాలీ మీద కూర్చుని వస్తున్న కుర్రాడు అరిచాడు:

"సారూ, తియ్యకుండ్రి! రేపు మావి పోస్తున్నం."

మళ్ళీ ఉన్నచోటే పెట్టేసి, బండి మట్టిలోకి దించి వచ్చేశాను.