మరవకుండా మూడు పూటలా!

పెద్దవారిలో ఏకాగ్రత లోపాన్ని, అతిచురుకుదనాన్ని (డాక్టర్ల భాషలో ఏడీహెచ్‌డీ) అదుపులో పెడతామనే ప్రకృతి సిద్ధమైన గుళికల సీసా ఏది తిప్పి చూసినా వాడే విధానం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పరగడుపున ఒకటి, భోజనమయ్యాక ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఒక్క పూట కూడా తప్పకూడదు. గుణం కనిపించడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి మధ్యలో విసుగెత్తి మానేయకూడదు. అంటే రోజూ వేళకు గుర్తుపెట్టుకుని, విసుగు లేకుండా, నెలల తరబడి ఒకే పనిని చేయగలిగిన మనిషికి ఈ మందు దివ్యంగా పనిచేస్తుంది. అంతటి మనిషికి మందెందుకు అని అడిగేవారు ఉంటారు. ఏ శాస్త్రానికైనా ఇలాంటి విఘ్నకారులు తప్పరు.

నేను మాత్రం సప్లిమెంట్ల పక్షం. ఇంట్లో అల్మరాలో ఒక అర మొత్తం వాటికే కేటాయించాను. ముందు వరుసలో చేప నూనె, దాని వెనుక జింక్, ఆ వెనుక మెగ్నీషియం పొడి. మూత బిగించడం ఎవరి బాధ్యతో తేలకపోవడంతో ఆ పొడి గడ్డకట్టి ఇప్పుడు చెంచాకు లొంగడం లేదు. గింకో అనే చెట్టు ఆకుల సారం సీసాలు రెండున్నాయి. మొదటిది ఉన్న సంగతి గుర్తులేక, జ్ఞాపకశక్తికి మంచిదని రెండోది తెప్పించాను. వారాల పేర్లు అచ్చేసిన ఏడు గళ్ల డబ్బా కూడా ఉంది. అందులో సోమవారం ఖాళీ, మంగళవారం నిండు. బుధవారం గడిలో రెండు రోజుల మందు ఉంది. గురువారం గడిలో ఒక తాళంచెవి ఉంది, అది ఏ తాళానిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం మూత ఇంతవరకు తెరుచుకోలేదు.

అయినా వీటి మహిమ తెలియాలంటే మింగాలనుకోవడం పొరపాటు. ఆర్డరు పెట్టే రాత్రి చూడాలి మనిషిని. రెండు పేజీల ఆఫీసు నివేదిక ముందు పది నిమిషాలు కూర్చోలేనివాడు, అశ్వగంధ వేరు గొప్పదా ఆకు గొప్పదా అన్న మీమాంస మీద తెల్లవారుజాము దాకా కదలకుండా చదువుతాడు. దాహం గుర్తుండదు, నిద్ర గుర్తుండదు. కొత్తదనం కనబడితే చాలు, మెదడులో ఉత్సాహాన్ని రేపే డోపమైన్ అనే రసాయనం వ్యవస్థ లేచి కూర్చుంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారిని ఆ కొత్తదనం మరీ గట్టిగా లాగుతుంది. పార్సెల్ గుమ్మంలోకి వచ్చేదాకా ఆ వెలుగు ఉంటుంది. అట్టపెట్టె విప్పాక అది పాత వస్తువు. కనుక మందు పనిచేయలేదనడం అన్యాయం. పనిచేసింది, కాకపోతే ఇంటికి చేరకముందే పనిచేసింది.

ఆరంభశూరత్వాన్ని పెద్దలు తరతరాలుగా తిట్టిపోశారు. అందులో నిలకడైన ఆదాయం ఉందని కనిపెట్టింది ఈ వ్యాపారులు. సీసా అయిపోయినా కాకపోయినా నెలనెలా కొత్తది దానంతటదే వచ్చి పడే చందా పద్ధతి పెట్టారు. చేరడానికి ఒక్క నొక్కు చాలు. మానుకోవాలంటే ఖాతాలోకి వెళ్లాలి, మరచిపోయిన పాస్‌వర్డు మార్చుకోవాలి, ఎందుకు మమ్మల్ని విడిచిపోతున్నారన్న ప్రశ్నావళిని పూర్తిచేయాలి, ఆ తర్వాత ఈమెయిలుకు వచ్చే లింకును గడువులోగా నొక్కాలి. ఈ వరుసను అల్లిన వ్యక్తి ఎవరో గానీ, పెద్దవారిలో ఏకాగ్రత లోపాన్ని ఏ వైద్యుడి కంటే తక్కువగా అర్థం చేసుకోలేదు.

ఇక డాక్టరు రాసిచ్చే మందుల సంగతి. మర్యాద తెలియని మందులవి. వాటిలో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో ప్రయోగశాలలో తయారు చేశారు. ఆ పుట్టుకే ఒక కళంకం. పైగా వేసుకున్న గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది. ఓపిక పట్టండి, నమ్మకం పెంచుకోండి అనదు. ఈ మందుల మీద జరిగిన 133 పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసిన ఒక అధ్యయనం 2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్వల్పకాలంలో పెద్దవారికి మొదట ఎంచుకోదగినవి ఆంఫెటమైన్లనే మరో రకం మందులని, పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్ అని అది తేల్చింది. ఈ మందులకు ఆకలి మందగించడం, నిద్ర చెదరడం, రక్తపోటు పెరగడం వంటి దుర్గుణాలూ ఉన్నాయి, అందరికీ పడవు కూడా. దాచిపెట్టకుండా ఆ దుర్గుణాలన్నీ కాగితం మీద అచ్చువేసి పెట్టెలో పెట్టడం వాటి అమాయకత్వం.

అంతకంటే పెద్ద ఇబ్బంది డాక్టరుతోనే. ఆయన ప్రశ్నలు వేస్తాడు. మానసిక సమస్యలను నిర్ధారించడానికి అమెరికా మనోవైద్యులు రాసుకున్న 2013 నాటి డీఎస్ఎం-5 గ్రంథం ప్రకారం పెద్దవారికి ఏకాగ్రత లోపంలో గానీ అతిచురుకుదనంలో గానీ కనీసం ఐదు లక్షణాలుండాలి, వాటిలో కొన్ని పన్నెండేళ్ల వయసులోపే కనిపించి ఉండాలి. అంటే చిన్నప్పుడు క్లాసులో కిటికీ బయటికి చూస్తూ తిన్న తిట్లన్నీ మళ్లీ తవ్వి తీయాలి. అంతా విని ఆయన ఒక జబ్బు పేరు చెబుతాడు, దాన్ని ఇంట్లో వాళ్ల ముందు పలకాలి. 'బద్ధకానికి కూడా ఇంగ్లీషు పేరా' అనే మాట పడాలి. సీసాకు ఈ గొడవేమీ లేదు. ఏమిటి నీ బాధ అని అడగదు. దాని మీది చిత్రంలో కొండ ఉంటుంది, పైన ఉదయసూర్యుడు ఉంటాడు. ఈ ఒక్క కారణం కోసమైనా సీసాను ఎంచుకున్నవారిని నేను వెక్కిరించలేను.

సప్లిమెంట్ల వెనుక పరిశోధన లేదనే దుష్ప్రచారాన్ని మాత్రం ఖండించాలి. ఉంది. చేప నూనెలోని ఒమేగా-3 మీద జరిగిన పది పరీక్షలను, 699 మంది పిల్లల ఫలితాలను 2011లో కలిపి చూస్తే కొద్దిపాటి మేలు కనిపించింది. మందులిచ్చే మేలు కంటే అది బాగా తక్కువ. 'కొద్దిపాటి' అన్న మాట గుళిక మీదికి చేరేలోపు నూనెలో కరిగిపోయింది. 'పిల్లల్లో' అన్నది దానితోపాటే పోయింది. సెయింట్ జాన్స్ వోర్ట్ మొక్కను 2008లో 54 మంది పిల్లలపై ఎనిమిది వారాలు పరీక్షించారు. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనబడలేదు. ఓడినా కనీసం బరిలో దిగిందని అభిమానులు దాన్ని గౌరవిస్తారు. గింకోను 2010లో ఏకంగా మిథైల్‌ఫెనిడేట్‌తోనే తలపడమన్నారు, అదీ వెనుకబడింది.

జింక్, ఇనుము, మెగ్నీషియం సంగతి కొంచెం వేరు. ఒంట్లో అవి నిజంగానే తక్కువైనవారికి ఇస్తే ఉపయోగం ఉండవచ్చు. తక్కువో కాదో రక్తపరీక్షలో తేలుతుంది. ప్రకృతి వైద్య ప్రపంచంలో ఆ రక్తపరీక్ష అంతగా నిరాదరణకు గురైన మూలిక మరొకటి లేదు. దాని సీసా మీద ఉదయసూర్యుడు లేడు కదా! పరీక్ష చేయించుకోకుండా ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో జింక్ మింగితే ఒంట్లో రాగి తగ్గిపోవచ్చు. బీ6 విటమిన్‌ను పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. కాళ్లు అదే పనిగా ఊపే అలవాటుకు ఇదొక పరిష్కారమని వాదించవచ్చు, నేను వాదించను.

'సహజమైనది, కీడు చేయదు' అని పక్కనుంచి ధైర్యం చెప్పేవారు ఉమ్మెత్తను, గన్నేరును ఏ కర్మాగారంలో తయారు చేస్తారనుకుంటారో తెలియదు. ఎఫెడ్రా కూడా మొక్కే. అందులోని ఎఫెడ్రిన్ ఆంఫెటమైన్‌కు దగ్గరి చుట్టం. అది కలిసిన సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది, గుండె మీద, రక్తపోటు మీద వాటి ప్రభావం చూసి. పైన చెప్పిన సెయింట్ జాన్స్ వోర్ట్ ఏకాగ్రతను పెంచకపోయినా కాలేయంలోని ఎంజైములను మాత్రం బ్రహ్మాండంగా పెంచుతుంది. దాంతో ఇతర మందులు ఒంట్లో నిలవకుండా వేగంగా కరిగిపోతాయి. వాటిలో గర్భనిరోధక మాత్రలు ఉన్నాయి. ఏకాగ్రతకని మొదలుపెట్టినవారికి తొమ్మిది నెలల తర్వాత, రాత్రీ పగలూ దృష్టి మరల్చనివ్వని విషయం ఒకటి ఊయలలో తయారుగా ఉండవచ్చు. కొన్ని రకాల డిప్రెషన్ మందులతో కలిస్తే వ్యవహారం ఇంత సరదాగా ఉండదు, ఆసుపత్రి దాకా వెళుతుంది. గింకో రక్తాన్ని పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది.

ఈ ముప్పులన్నీ తప్పించే ప్రశ్న ఒకటి ప్రతి డాక్టరూ అడుగుతాడు: 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' ఒక అర నిండా సీసాలున్న మనిషి క్షణం కూడా తడుముకోడు. 'ఏమీ లేవండీ' అంటాడు. ఆ జవాబును ఎవరూ తప్పుపట్టలేరు. అమెరికాలో 1994 నాటి చట్టం వీటిని మందుల జాబితాలో చేర్చలేదు, ఆహారం కింద జమకట్టింది. మానసిక ఏకాగ్రత గురించి గొప్పలు పోయే సీసా మీద, ఇది ఏ వ్యాధినీ నిర్ధారించడానికి, నయం చేయడానికి, నివారించడానికి ఉద్దేశించినది కాదని కూడా వేయాలంది. వేశారు. ఏకాగ్రత కుదరనివారు భూతద్దం పెట్టి చదవవలసినంత అక్షరాల్లో, సీసా వెనుకవైపు, బార్‌కోడ్ పక్కన.