పక్క లేనులో పిడుగు
మా కోనసీమ వైపు షూటింగ్ రేంజిలో నేను చిన్నపాటి .22 రైఫిలుతో గురి కుదుర్చుకుని, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కబోతున్న క్షణాన, పక్క లేనులోని పెద్దమనిషి ఒక్క మాటైనా చెప్పకుండా .315 బోరు రైఫిలు పేల్చారు. పెద్ద రైఫిలు చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది; 140 దాటిన ఒక్క పేలుడే చెవికి శాశ్వత హాని చేయగలదు. గొట్టం కొసన, తుపాకీ వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే మజిల్ బ్రేకు కూడా బిగిస్తే, కాల్చేవారి భుజానికి తప్పిన దెబ్బ గాలి తాకిడిగా మారి పక్కవారి ముఖాన తగులుతుంది. దీపావళికి సీమటపాకాయ వెలిగించే పిల్లవాడు సైతం “జరగండి” అని కేకవేస్తాడు కదా! తాను మాత్రం ఇయర్ ప్లగ్‌లపైన చెవులను కప్పే మఫ్‌లు కూడా తగిలించుకున్న ఆయనను చివరి లేనుకు వెళ్లమని వేడుకుంటే, “కొబ్బరిచెట్టు మీది కాకులే ఓర్చుకుంటున్నాయండీ” అని నవ్వారు. ఆ కాకులు అప్పటికే ఎగిరిపోయాయి. రుసుము కట్టినందువల్ల నేను మిగిలాను.