ఫార్ములా నుంచి నిర్మాణం పుట్టదు

“ఫార్ములా ఇస్తే చాలు, ఏ సేంద్రియ అణువు నిర్మాణాన్నయినా కంప్యూటరే చెప్పేస్తుంది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాంకు నోబెల్ వచ్చినప్పుడే ఆ సమస్య తీరిపోయింది. ఇక అణువు నిర్మాణాన్ని ప్రయోగంతో తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రాలతో, స్ఫటికాలతో పని లేదు.” చాలామంది పంచుకుంటున్న ఈ మాటలో కొంత నిజం కలిసి ఉంది కనుకనే దీన్ని విడదీసి చూడవలసి వస్తోంది.

మొదట ఫార్ములా సంగతి. పరమాణువులు ఎన్నో ఫార్ములా చెబుతుంది గాని, ఏది దేనితో బంధం కలిపిందో చెప్పదు. కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే ఆల్కేన్లలో పది కార్బన్ల ఫార్ములాకే 75 ఐసోమర్లు, అంటే అవే పరమాణువులు వేరే విధంగా బంధం కలిపిన అణువులు, ఉన్నాయి. కార్బన్లు ఇరవై అయితే, ప్రతిబింబ రూపాలను లెక్కించకుండానే, 3,66,319. వీటిలో సీసాలో ఉన్నది ఏదో శక్తి లెక్కలు తేల్చలేవు. తనకంటే స్థిరమైన ఐసోమర్ ఉన్నంత మాత్రాన అణువు అలా మారిపోదు. ఏ చర్యలో ఏ బంధాలతో పుట్టిందో వాటితోనే మిగులుతుంది. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన డెండ్రాల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ద్రవ్యరాశి వర్ణపటాన్ని, అంటే అణువు ముక్కల బరువులను యంత్రంపై కొలిచిన ఫలితాన్ని, ఆధారం చేసుకునే ఈ ఐసోమర్ల గుంపును వడగట్టింది.

ఆల్ఫాఫోల్డ్ విషయానికి వస్తే, 2024లో దాన్ని రూపొందించిన హస్సాబిస్, జంపర్‌లకు నోబెల్ వచ్చింది ప్రొటీన్ల నిర్మాణాన్ని ఊహించినందుకు. ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది వస్తుందో ముందే తెలుసు. తెలియనిది ఆ గొలుసు ఎలా మడత పడుతుందన్నదే. పైగా ఆ పద్ధతికి బంధువులైన ప్రొటీన్ల వరుసలు, ప్రయోగాలతో తేల్చిన వేలాది నిర్మాణాలు ఆసరాగా ఉన్నాయి. ఆల్ఫాఫోల్డ్ 3 చిన్న అణువులనూ స్వీకరిస్తుంది, నిజమే. అయితే వాటిలో బంధాలెలా ఉన్నాయో మనమే చెప్పాలి.

ప్రయోగశాల అక్కర్లేదన్న మూడో మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బంధాలన్నీ తెలిసిన అణువు కూడా ఘనపదార్థంగా మారేటప్పుడు ఒకటికి మించిన రీతుల్లో పేర్చుకోగలదు. ఆ రూపాల మధ్య శక్తి భేదం తరచుగా మోల్‌కు ఒకటి రెండు కిలోజౌళ్లే కావడంతో, గణన పద్ధతుల్లో సహజంగా ఉండే పొరపాటు కూడా దాదాపు అంతే అయినప్పుడు, ఏది ముందు, ఏది వెనక అన్న వరుసే తారుమారు కావచ్చు. 1996లో మార్కెట్‌లోకి వచ్చిన హెచ్‌ఐవీ మందు రిటోనావిర్‌కు 1998లో, అంతవరకు ఎవరూ చూడని, తక్కువగా కరిగే స్ఫటిక రూపం ఎదురైంది. గుళికలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అణువు మాత్రం అదే. 1999 నుంచి కేంబ్రిడ్జ్ స్ఫటిక సమాచార కేంద్రం నడుపుతున్న పరీక్షల్లో నిర్మాణాన్ని దాచిపెట్టి, అణువు చిత్రం మాత్రం ఇచ్చి ఊహించమంటారు. ఫలితాలు మెరుగవుతూనే వచ్చాయి, కాని జవాబును సరిచూసేది ఆ దాచిపెట్టిన ప్రయోగ ఫలితంతోనే.

గణన గొప్పదనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. హెక్సాసైక్లినాల్ అనే శిలీంధ్ర పదార్థానికి తొలుత ప్రతిపాదించిన నిర్మాణం తప్పని 2006లో రసాయన శాస్త్రవేత్త రిచ్‌నోవ్‌స్కీ కార్బన్-13 ఎన్‌ఎంఆర్ విలువలను లెక్కగట్టి చూపారు. ఆయన సూచించిన మరో నిర్మాణాన్ని తర్వాత సంశ్లేషణ, అంటే ఆ అణువును ప్రయోగశాలలో తయారుచేసి చూడడం, ధ్రువపరిచింది. అయితే ఆ లెక్కను ఆయన పోల్చి చూసుకున్నది యంత్రం మీద కొలిచిన విలువలతోనే.