టెస్లా కాయిల్ డ్రైవర్‌కి మల్టీమీటరూ కిట్ స్కోపూ చాలా?

టెస్లా కాయిల్ డ్రైవర్ అంటే ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో కాయిల్‌ని నడిపే సర్క్యూట్. ఆ స్విచ్చుల జతే బ్రిడ్జి. స్కోపు అంటే తరంగాన్ని తెరమీద చూపే ఆసిలోస్కోపు. చాలా చేతులు మారిన ఒక సలహా ఇది: "కాయిల్ నడిచేది 200 కిలోహెర్ట్జ్ దగ్గర, కాబట్టి 200 కిలోహెర్ట్జ్ కిట్ స్కోపు సరిపోతుంది. గేట్ వోల్టేజీకి మల్టీమీటర్, ప్రైమరీ కరెంటుకి క్లాంప్ మీటర్. స్కోపు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే ప్రోబు బ్రిడ్జిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వేరియాక్ ఉంటే ఐసొలేషన్ ఉన్నట్టే. మిగతాదంతా డబ్బు దండగ."

ఎర్త్ పిన్ను, వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) మాటలు మనిషి ప్రాణం మీదికి తెస్తాయి. మిగతావి ఐజీబీటీల ప్రాణం మీదికి.

"గేట్ వోల్టేజీకి మల్టీమీటర్ చాలు"

గేట్ (ఐజీబీటీని ఆన్, ఆఫ్ చేసే కాలు) మీద 0 నుంచి 12 వోల్టుల చదరపు తరంగం 50 శాతం డ్యూటీతో, అంటే సగం సమయం ఆన్‌గా, ఉంటే డీసీ రేంజిలో మీటరు 6 చూపిస్తుంది. అంచులు బద్ధకంగా లేచినా దాదాపు అదే 6. రింగింగ్ వల్ల తరంగం 25 వోల్టుల దాకా ఎగిరి గేట్ ఆక్సైడ్‌ని దెబ్బతీస్తున్నా సుమారు అంతే, ఎందుకంటే అది చూపేది సగటు. గేట్ డ్రైవ్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ప్లస్ మైనస్ 15 వోల్టుల తరంగానికైతే సున్నా చూపిస్తుంది. ఏసీ రేంజికి మారినా లాభం లేదు. మామూలు మీటర్లలో ఆ రేంజి కచ్చితత్వం కొన్ని వందల హెర్ట్జ్ దగ్గరో, మహా అయితే ఒకటి రెండు కిలోహెర్ట్జ్ దగ్గరో ఆగిపోతుంది.

అలాగని మీటరు పనికిరాదని కాదు, దాని పని కరెంటు ఆపేశాక మొదలవుతుంది. ముట్టుకునే ముందు బస్ (బ్రిడ్జికి వచ్చే డీసీ సరఫరా) కెపాసిటర్ల మీద వోల్టేజీ 5 కిందికి దిగిందా? గేట్‌కీ ఎమిటర్‌కీ మధ్య, బ్లీడర్ రెసిస్టర్ విలువ కాకుండా కొన్ని ఓములే కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఆ ఐజీబీటీ పోయినట్టే.

"200 కిలోహెర్ట్జ్ కాయిల్‌కి 200 కిలోహెర్ట్జ్ స్కోపు"

అసలు పొరపాటు ఇక్కడుంది. డ్రైవర్ దగ్గర స్కోపుతో చూడాల్సింది కాయిల్ ఫ్రీక్వెన్సీని కాదు, స్విచ్ మారే అంచుని. స్కోపు రైజ్ టైమ్ అంటే 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగించగా వచ్చేది. 200 కిలోహెర్ట్జ్‌కి అది 1.75 మైక్రోసెకన్లు. 200 కిలోహెర్ట్జ్ తరంగంలో అరచక్రమే 2.5 మైక్రోసెకన్లు. అంటే అరచక్రంలో మూడింట రెండొంతులు స్కోపు లేవడానికే పోతుంది. డీఎస్ఓ138 లాంటి కిట్ సెకనుకి 10 లక్షల శాంపిళ్లు తీస్తుంది. ఒక చక్రానికి ఐదు చుక్కలు. ఇక 300 నానోసెకన్ల డెడ్‌టైమ్ (ఒక స్విచ్ ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు రెండూ ఆఫ్‌గా ఉండే ఖాళీ) ఎక్కడ కనిపిస్తుంది? రెండు స్విచ్చులూ ఒకేసారి ఆన్ అవుతున్న డ్రైవరూ, చక్కగా పనిచేస్తున్న డ్రైవరూ దానిమీద ఒకేలా ఉంటాయి.

గేట్ అంచు 50 నుంచి 100 నానోసెకన్లలో లేస్తుంది. 50 నానోసెకన్లకి లెక్కప్రకారం 7 మెగాహెర్ట్జ్ కావాలి. ఆకారం నమ్మదగినట్టు కనిపించాలంటే దానికి మూడు నుంచి ఐదు రెట్లు. కాబట్టి 50 మెగాహెర్ట్జ్, రెండు చానెళ్లు. ఈ రెండింటిలో ఒకటే కుదిరితే రెండో చానెలే ముఖ్యం, బ్యాండ్‌విడ్త్ 20కి తగ్గినా పని జరుగుతుంది. సింగిల్ షాట్ ట్రిగ్గర్ తప్పనిసరి, ఎందుకంటే డీఆర్ఎస్ఎస్‌టీసీ (ప్రైమరీ కూడా రెజొనెన్స్‌లో ఉండి, విడివిడి బరస్ట్‌లుగా నడిచే టెస్లా కాయిల్) బరస్ట్ 100 మైక్రోసెకన్లలో అయిపోతుంది. దాన్ని సెకనుకి 50 కోట్ల శాంపిళ్లతో పట్టాలంటే 50,000 పాయింట్ల మెమరీ ఉండాలి. పాత 20 మెగాహెర్ట్జ్ అనలాగ్ స్కోపు ఆగకుండా నడిచే ఎస్ఎస్‌టీసీకి (మామూలు సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్‌కి) భేషుగ్గా సరిపోతుంది. బరస్ట్ మాత్రం దాంట్లో మసకగా మెరిసి మాయమవుతుంది.

డెడ్‌టైమ్ చూడటానికి బస్ సరఫరా విప్పేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, డ్రైవర్‌ని మాత్రమే నడపండి. చానెల్ 1 కింది గేట్ మీద, 2 పై గేట్ మీద. ఒకటి థ్రెషోల్డ్ వోల్టేజీ కిందికి దిగిన క్షణానికీ రెండోది దాన్ని దాటిన క్షణానికీ మధ్య ఉన్న ఖాళీయే డెడ్‌టైమ్. మిల్లర్ మెట్టు (స్విచ్ మారేటప్పుడు గేట్ వోల్టేజీ కాసేపు ఆగే చోటు) మాత్రం బస్ మీద వోల్టేజీ ఉంటేనే సరిగా కనిపిస్తుంది. దానికి 30 వోల్టుల బెంచ్ సప్లైతో మొదలుపెట్టాలి.

రింగింగ్ కనిపించగానే గేట్ రెసిస్టర్ పెంచేయకండి. ప్రోబుకుండే 15 సెంటీమీటర్ల గ్రౌండ్ తీగ ఇండక్టెన్స్ సుమారు 150 నానోహెన్రీలు, ప్రోబు కెపాసిటెన్స్ 15 పికోఫారడ్లు అనుకుంటే ఆ రెండూ కలిసి 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతాయి. ఆ మోత ప్రోబుది, గేట్‌ది కాదు. తీగ తీసేసి, ప్రోబు మొన దగ్గర చిన్న గ్రౌండ్ స్ప్రింగు పెట్టి మళ్లీ చూడండి. తర్వాత ప్రోబు మొననే దాని గ్రౌండ్‌కి ఆనించండి. అప్పుడూ ఏదైనా కనిపిస్తే అది గాల్లోంచి వస్తున్నది.

"ఎర్త్ పిన్ను తీసేయండి"

మెయిన్స్ నుంచి నేరుగా రెక్టిఫై చేసిన బస్‌లో నెగటివ్ అంటే న్యూట్రల్ కాదు. ఒక అరచక్రంలో డయోడ్ దాన్ని ఫేజ్‌కే కలుపుతుంది. ఎర్త్ ఉన్న స్కోపు క్లిప్పు అక్కడ పెడితే ఫేజ్, డయోడ్, క్లిప్పు, ఎర్త్ మీదుగా షార్టు. పిన్ను తీసేస్తే షార్టు పోతుంది నిజమే, కానీ ఇప్పుడు స్కోపు చాసిస్, బీఎన్‌సీ కనెక్టర్ల లోహం అన్నీ లైవ్. నాబ్ తిప్పే వేలు కాస్త జారితే చాలు.

పోనీ కొలత అయినా సరిగా వస్తుందా అంటే అదీ లేదు. చాసిస్‌కీ నేలకీ మధ్య 100 పికోఫారడ్లు ఉన్నాయనుకోండి. బ్రిడ్జి మధ్య బిందువు 50 నానోసెకన్లలో 325 వోల్టులు ఎగిరినప్పుడల్లా ఆ కెపాసిటెన్స్‌లోకి 0.65 ఆంపియర్ల పల్స్ పోతుంది. మీరు చూస్తున్నది స్కోపు బరువు మోస్తున్న బ్రిడ్జిని.

సరైన పద్ధతి దీనికి తలకిందులు: స్కోపు ఎర్త్ అలాగే ఉంచి, బ్రిడ్జిని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపాలి. అప్పుడు కూడా క్లిప్పు ఒక్క బిందువుకే. పెట్టగానే ఆ బిందువు ఎర్త్ అయిపోతుంది, మిగతా సర్క్యూట్‌కి ఐసొలేషన్ రక్షణ ఉండదు. రెండు చానెళ్ల గ్రౌండ్లు స్కోపు లోపల ఒకటే కాబట్టి ఒకటి బస్ నెగటివ్‌కీ రెండోది మధ్య బిందువుకీ పెడితే కింది స్విచ్ షార్టయినట్టు. పై స్విచ్ ఆన్ అవగానే బస్ మొత్తం ఆ క్లిప్పు తీగలోంచి పోతుంది.

బస్ ఉండగా పై గేట్ చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబే, అంటే ఎర్త్‌తో పనిలేకుండా రెండు బిందువుల మధ్య తేడాని చూపేది. దాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు మొనల మీదా ఒకేలా ఉన్న వోల్టేజీని తోసిపుచ్చే శక్తి) తక్కువ ఫ్రీక్వెన్సీలో 60 డెసిబెల్స్ ఉన్నా, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 30కి పడిపోతే 320 వోల్టుల అంచు తెరమీద 10 వోల్టుల దొంగ గేట్ పల్స్‌గా కనిపిస్తుంది. రెండు మొనలూ కలిపి మధ్య బిందువుకే పెట్టి చూడండి. అప్పుడు మిగిలేదే మీ ప్రోబు అబద్ధం.

"వేరియాక్ ఉంటే ఐసొలేషన్ ఉన్నట్టే"

లేదు. వేరియాక్ ఆటోట్రాన్స్‌ఫార్మర్, ఉన్నది ఒకటే చుట్ట. వరస ఇలా: మెయిన్స్, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, వేరియాక్, సిరీస్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, రెక్టిఫయర్. ఎల్ఈడీ బల్బు కరెంటుని ఆ రకంగా అడ్డుకోదు.

"కరెంటుకి క్లాంప్ మీటర్"

మామూలు క్లాంప్ మీటరు 50, 60 హెర్ట్జ్ కోసం చేసింది. 100 మైక్రోసెకన్లలో ముగిసే బరస్ట్‌లో దాని అంకెకి అర్థమే లేదు. కావాల్సింది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అది ఇంట్లో చుట్టుకునేదే: రెండు ఫెర్రైట్ రింగులు, ఒక్కోదాని మీద 33 చుట్లు, మొదటిదాని తీగ రెండోదాని మధ్యలోంచి ఒక్కసారి. నిష్పత్తి 1:1089. చివర 10 ఓముల రెసిస్టర్ పెడితే ఆంపియరుకి సుమారు 9 మిల్లీవోల్టులు, 500 ఆంపియర్లకి 4.6 వోల్టులు. బరస్ట్ డ్యూటీ ఒక శాతమే కాబట్టి ఒక వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ చాలు. వైర్‌వౌండ్ వద్దు, దాని ఇండక్టెన్స్ ఫేజ్‌ని పాడుచేస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లైలో దొరికే పసుపు తెలుపు రింగు ఐరన్ పౌడర్‌ది. పర్మియబిలిటీ చాలక కొలత తప్పుతుంది. రెసిస్టర్ లేకుండా, చివరలు తెరిచి ఎప్పుడూ నడపకండి.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ చానెల్ 1కి, కింది గేట్ చానెల్ 2కి ఇచ్చి, కరెంటు సున్నా దాటే చోటుకీ గేట్ అంచుకీ మధ్య తేడా కొలవండి. అది 300 నానోసెకన్లు ఉంటే 200 కిలోహెర్ట్జ్ దగ్గర 21.6 డిగ్రీలు ఆలస్యంగా మారుతున్నట్టు. డ్రైవర్ ఆలస్యాన్ని సరిచేసే ఫేజ్ లీడ్ ఇండక్టర్‌ని ఆ తేడా తగ్గేదాకా, పూర్తి కరెంటు దగ్గర కాకుండా తక్కువ బస్ వోల్టేజీ దగ్గర మొదలుపెట్టి, సరిచేసుకోవాలి.