ఎనిమిది స్క్రూల దొరగారికి

మహారాజశ్రీ ఓడెమార్ పిగే కంపెనీ రాయల్ ఓక్ వాచీ దొరవారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. స్విట్జర్లాండులో, లె బ్రాసూ ఊళ్లో తమరూ క్షేమమని తలుస్తాం. ఉభయకుశలోపరి. తమరి ధర చూశాం. 1651లో యుద్ధం ఓడిన ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఎక్కి దాక్కున్న ఓక్ చెట్టు పేరు తమరికెందుకు వచ్చిందో అప్పుడర్థమైంది. మాకూ ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

1972లో జెరాల్డ్ జెంటా గీసిన రూపంతో తమరు బజారుకొచ్చిన నాటి ధర 3,300 స్విస్ ఫ్రాంకులు. స్టీలు వాచీకి, ఎన్నో బంగారు వాచీల కన్నా ఎక్కువ! ఇప్పుడైతే లక్షలు పట్టుకెళ్లినా వరసలో నిలబడమంటారు. కాబట్టి మేమే కట్టుకుంటున్నాం. తెలుగులో వాచీ కట్టుకోవడమంటే చేతికి పెట్టుకోవడం. మేం ఇల్లు కట్టుకునే అర్థంలో అంటున్నాం.

సామాను పెద్దగా లేదు. ఎన్‌హెచ్35 అనే జపాను జాతి ఆటోమేటిక్ మూవ్‌మెంట్, అంటే చేతి కదలికకే చుట్టుకునే లోపలి యంత్రం, ఒకటి: 24 జువెల్స్ (ఇరుసులు తిరిగే కెంపు రాళ్లు), గంటకు 21,600 టిక్కులు, నిండా చుడితే 41 గంటల నడక. దానికి సరిపడే ఎనిమిది మూలల స్టీలు కేసు, 28.5 మి.మీ. డయల్, మూడు ముళ్లు. చైను కేసుతోపాటే కొనాలి. తమరి వంశంలో చైను కేసులోంచే మొలుస్తుంది గనక మామూలు బెల్టు అతకదు. డయల్ మీద తమరి పేరు మాత్రం వేయం. పేరు వేస్తే నకిలీ సరుకు, వేయకపోతే అభిమానం. తేడా అంతే, కానీ చాలా పెద్దది.

ఇక పొట్ట సంగతి. తమరి తొలి మూవ్‌మెంట్ మందం 3.05 మి.మీ. మాది 5.32. పైన డయల్, ముళ్లు, అద్దం, కింద మూత కలిసేసరికి మొత్తం 11, 12 మి.మీ. దాకా పోతుంది. తమరు చొక్కా కఫ్ కిందికి పాములా జారుకుంటారు. మావాడు గుమ్మంలో బీరువాలా ఇరుక్కుంటాడు.

తమరి అద్దం చుట్టూ ఉన్న స్క్రూల గుట్టు కూడా తెలిసింది. ఆ ఎనిమిదింటి తలల మీది గాడులూ ఒకే వలయంలో బుద్ధిగా ఎలా నిలబడ్డాయంటే, వాటి తలలు ఆరు మూలలవి, ఆరు మూలల గుంటల్లో కూర్చున్నాయి. తిరగమన్నా తిరగవు. బిగింపంతా వెనకనుంచే. మా చవక కేసుల్లో గుండ్రటి తలల స్క్రూని ముందునుంచి బిగిస్తే, మర ఎక్కడ పట్టేస్తే గాడి అక్కడే ఆగుతుంది. ఎనిమిదీ అష్టదిక్పాలకుల్లా తలో దిక్కు చూస్తాయి. వరసకు తెద్దామని ఇంకో పావు చుట్టు తిప్పితే మరే అరిగిపోతుంది.

అసలు పరువు పోయేది అంచుల దగ్గర. తమరి ఒంటిమీద గీతల పాలిషూ అద్దం పాలిషూ కలిసేచోట చాకుతో కోసినట్టు గీటు ఉంటుంది. ఇంట్లో అది రావాలంటే 400 నంబరు ఎమరీ పేపర్‌ని మందపాటి గాజు పలక మీద అంటించి, దాని మీద బెజెల్‌ని (అద్దం చుట్టూ ఉండే చట్రాన్ని) ఒకే దిశలో లాగాలి. వెనక్కి తోయకూడదు. తోస్తే గీతలు గజిబిజి. తర్వాత 600. ఏటవాలు అంచు మెరిపించే ముందు పైభాగానికి టేపు వేయాలి. పేపర్‌ని వేలికి చుట్టి రుద్దారో, వేలి మెత్తదనానికి అంచు గుండ్రబడి, దొర కాస్తా అరిగిన సబ్బుబిళ్ల అవుతాడు. పోయిన స్టీలు తిరిగి రాదు.

ముళ్లు పెట్టేరోజు సీలింగ్ ఫ్యాను కట్టేయాలి. మే నెలలో ఇదొక తపస్సు. డయల్ మీద చెమటచుక్క పడితే మచ్చ, నోటితో ఊదితే తుంపర. కాబట్టి వేళ్లకు రబ్బరు తొడుగులు, దుమ్ముకు నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడగ. క్రౌన్ (వాచీ పక్కనుండే తిప్పుడు బొడిపె) తిప్పుతూ తారీఖు టక్కున మారిన క్షణాన ఆగి, గంటల ముల్లూ నిమిషాల ముల్లూ రెంటినీ 12 మీద పెట్టాలి. ఇది మరిచిపోతే మన వాచీలో రేపు రాత్రి తొమ్మిదిన్నరకే వచ్చేస్తుంది. సెకండ్ల ముల్లు చిల్లు 0.2 మి.మీ. వంకరగా నొక్కితే ఇరుసు వంగుతుంది.

క్రౌన్‌ని లోపలి యంత్రానికి కలిపే కడ్డీని ఒకేసారి కొలతకు కోయకూడదు. కాస్త పొడుగ్గా కోసి, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీయాలి. పొట్టిదైతే కొత్త కడ్డీయే గతి. కడ్డీ ఊడదీసేటప్పుడు నొక్కే చిన్న గుంటను గట్టిగా నొక్కితే లోపలి మీట పక్కకు జారుతుంది. అప్పుడు పెట్టిన ముళ్లూ డయలూ మళ్లీ తీయాల్సిందే.

అన్నీ అయ్యాక మావాడు రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెడితే, అది ఉత్సాహం కాదు, అయస్కాంతం. హెయిర్‌స్ప్రింగ్ (వాచీ నడకను అదుపు చేసే సన్నని స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది. డీమ్యాగ్నెటైజర్ అనే, అయస్కాంతం పోగొట్టే పరికరం మీట నొక్కి ఉంచి, వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లి, అప్పుడు మీట వదలాలి. ముందే వదిలితే అయస్కాంతం మళ్లీ మొదటికి.

ఇట్లు,
ఫ్యాను కింద కూర్చోలేని తమరి అభిమానులు

తా.క. తమరి స్క్రూలు విడిగా అమ్ముతారేమో కనుక్కుందామనుకున్నాం. స్టీలు వాచీకి కూడా ఎనిమిదీ తెల్లబంగారమేనని తెలిసి ఊరుకున్నాం.