గుంకన్‌జిమా వీడియోలు చాలు, తకషిమా గురించి కూడా ఎవరైనా చెప్పండి

ఈ "దెయ్యాల దీవి" వీడియోలు చూసీ చూసీ విసుగొచ్చింది. జపాన్‌లో నాగసాకి తీరానికి దగ్గర్లో హషిమా అని చిన్న దీవి ఉంది. దూరం నుంచి యుద్ధనౌకలా కనిపిస్తుందని దాన్ని గుంకన్‌జిమా అంటారు. ప్రతి వీడియోలోనూ అదే డ్రోన్ షాట్, అదే పగిలిన టీవీ, అదే భయపెట్టే మ్యూజిక్. జనం రాత్రికి రాత్రే మాయమయ్యారట! మాయం కాలేదండీ. 1974 జనవరిలో బొగ్గు గని మూసేశారు, ఏప్రిల్ 20 కల్లా అందరూ సామాన్లు సర్దుకుని పడవెక్కారు.

ఇంతకీ ఆ దీవి ఏ ఊరి కిందికి వచ్చేదో ఒక్కడూ చెప్పడు. పక్కనే తకషిమా అని ఇంకో దీవి, ఆ పేరుతోనే ఒక పట్టణం. హషిమా దాని కిందే ఉండేది. దానికీ ఒక మేయరు, కౌన్సిలు, ఆఫీసు ఉండేవి. 2005 జనవరి 4న ఇంకో ఐదు పట్టణాలతో కలిపి దాన్ని నాగసాకి నగరంలో కలిపేశారు. నా కోపమంతా ఇక్కడే.

ఆ ఊరికి అసలైన పాలన ఎప్పుడు దక్కిందో చూడండి. 1868 ప్రాంతంలో సాగా సంస్థానం వాళ్ళు, స్కాట్లాండ్ వ్యాపారి థామస్ గ్లోవర్ కలిసి తకషిమాలో ఆవిరి యంత్రాలతో గని పెట్టారు. 1881లో అది మిత్సుబిషి చేతికి వచ్చింది. 1890లో హషిమానీ మిత్సుబిషీయే కొనేసింది. ఇక అక్కడ సర్కారంటే కంపెనీయే. హషిమా మొత్తం 6.3 హెక్టార్లు, అంటే పదహారెకరాలు కూడా లేదు. 1959లో అందులో 5,259 మంది కాపురం ఉన్నారు. ఇళ్ళు కంపెనీవి. మామూలు కార్మికుడికి ఇరుకు గది, అందరికీ కలిపి స్నానాల తొట్టి. గని మేనేజరుకు మాత్రం గుట్ట మీద విడిగా ఇల్లు. సముద్రం అడుగున పైపు వేసి మంచినీళ్ళు తెచ్చింది 1957లో, అప్పటిదాకా పడవల్లో రావాల్సిందే. సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్ళకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. కుళాయి రాకపోతే ముందు పోయేది వార్డు మెంబరు దగ్గరికా, కంపెనీ ఆఫీసుకా?

1955 దాకా హషిమా తకహమా అనే గ్రామం కింద ఉండేది. ఆ ఏడాది దాన్ని విడదీసి తకషిమాకు ఇచ్చారు, మిగిలిన గ్రామాన్ని నొమొజాకి పట్టణంలో కలిపారు. యాభై ఏళ్ళ తర్వాత నొమొజాకి, తకషిమా రెండూ ఒకే రోజు నాగసాకిలో కలిశాయి. కాగితాల మీద ఊళ్ళను అటూ ఇటూ జరిపేవాళ్ళకు ఇదో ఆట.

1986లో తకషిమా గనీ మూతపడింది. అప్పుడు దక్కింది ఊరికి అసలైన పాలన! పన్ను కట్టే కంపెనీ లేదు, కుర్రాళ్ళకు పని లేదు. మిగిలినవి ఖాళీ ఇళ్ళు, ముసలివాళ్ళు. 2000ల మొదట్లో మిత్సుబిషి హషిమాను ఉచితంగా ఆ పట్టణానికే రాసిచ్చింది. బొగ్గంతా తవ్వుకున్నాక మిగిలిన కూలే గోడల బాధ్యత, వెయ్యిమంది కూడా లేని ఊరి నెత్తిన! ఆ తర్వాత కొన్నేళ్ళకే విలీనం. 2009లో టూరిస్టులను హషిమాలో దింపడం మొదలయ్యేసరికి రుసుము వసూలు చేసేది నాగసాకి నగరం.

చిన్న ఊళ్ళు ఆస్పత్రి, బడి, పడవ నడపలేవు కాబట్టి విలీనం తప్పదంటారు. లెక్క తప్పని నేనూ అనను. 1999లో జపాన్‌లో 3,232 మునిసిపాలిటీలు ఉంటే 2010కి 1,727 మిగిలాయి, అన్నీ కుట్రలు కావు. కానీ దీవి సంగతి వేరు. రేవు పాడైతే మేయరు కూడా ఇరుక్కుపోయే చోట నిర్ణయం ఒకలా ఉంటుంది, నాగసాకి నగర ఆఫీసులో ఇంకోలా ఉంటుంది.

ఇంకో సంగతి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొరియన్లను, చైనీయులను తెచ్చి ఈ గనుల్లో బలవంతంగా పని చేయించారు. 2015లో వీటికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఆ చరిత్ర కూడా చెబుతామని జపాన్ మాటిచ్చింది. సరిగ్గా చెప్పలేదని 2021లో యునెస్కో కమిటీయే అసంతృప్తి తెలిపింది. తకషిమా కౌన్సిలు ఉండుంటే నిజం చెప్పేసేదని అనను, అదీ కంపెనీ నీడలో పెరిగిందే. కానీ నిలదీయడానికి ఆ ఊళ్ళో ఒక మేయరంటూ ఉండేవాడు.

నాగసాకి వెళ్ళేవాళ్ళు హషిమా టూరుతో సరిపెట్టుకోకుండా తకషిమా ఫెర్రీ కూడా ఎక్కండి. గ్లోవర్ కాలం నాటి గని గుంత అక్కడే ఉంది, అదీ యునెస్కో జాబితాలోదే. రేవు దగ్గరే బొగ్గు మ్యూజియం ఉంది. వీడియో తీస్తే అక్కడ తీయండి, మ్యూజిక్ లేకుండా.